చిన్న శరీరాల ఎముకల సెట్: ఎముకలు అద్భుతం, వెంట వచ్చిన పుస్తకం కాదు

మనిషి ఎముకల గురించి బోధించే గదుల్లో వేలాడే ప్లాస్టిక్ అస్థిపంజరం దాదాపు ఎప్పుడూ పొడుగాటి మగవాడిదే. దాంతో నేర్చుకున్న విద్యార్థి మనసులో తొడ ఎముక అంటే 45 సెంటీమీటర్లు, దాని తల అంటే 48 మిల్లీమీటర్లు అన్న ముద్ర పడిపోతుంది. తర్వాత ఎప్పుడైనా 38 సెంటీమీటర్ల ఎముక చేతికొస్తే, ఆలోచించకుండా పిల్లవాడిదని చెప్పేస్తాడు. కొనలు పూర్తిగా అతుక్కుపోయాయనీ, కండరాలు పట్టుకున్న చోట గరుకు గీత బలంగా ఉందనీ, అది పెరుగుదల ముగిసిన మనిషి ఎముక అనీ గమనించడు.

ఈ లోటు తీర్చడానికే వచ్చినట్టుంది ఈ సెట్. వేటతో, ఆహార సేకరణతో బతికిన చిన్న శరీరాల జనసమూహాల ఎముకల అచ్చులను ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. శారీరక మానవశాస్త్రం బోధించే నాకు ఇది నిత్యం పనికొచ్చే వస్తువు. తరగతిలో బాగా నలిగాక, కొలతలన్నీ తీసి చూశాక రాస్తున్నాను.

పెట్టెలో నాలుగు చోట్ల మనుషులున్నారు. అండమాన్ దీవుల నుంచి ఒక జత్రుక (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక), ఒక భుజాస్థి (మోచేతి పైన ఉండే ఎముక), ఒక తొడ ఎముక. దక్షిణాఫ్రికా కేప్ తీరంలో రాతియుగపు చివరి దశలో బతికిన ఒక స్త్రీ తొడ ఎముక, మోకాలి కింది పెద్ద ఎముక, పూర్తి కటి (తుంటి ఎముకల వలయం). మధ్య ఆఫ్రికా అడవుల నుంచీ, ఫిలిప్పీన్స్‌లోని ఏటా అనే ఆదివాసీ ప్రజల నుంచీ చెరొక చేతి ఎముక, చెరొక తొడ ఎముక. నలుగురివీ కపాలాలు. వీటికి తోడుగా ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో 2003లో లియాంగ్ బువా గుహలో దొరికిన, అంతరించిన పొట్టి మానవజాతి అయిన హోమో ఫ్లోరెసియెన్సిస్ కపాలం అచ్చు. చివరగా ఒక చిన్న పుస్తకం.

ముందు అచ్చుల సంగతి. పని చాలా శ్రద్ధగా చేశారు. తొడ ఎముక వెనకవైపు నిలువునా సాగే గరుకు గట్టు మీద వేలు పెట్టి నడిపితే, అది ఎక్కడ లేచిందో, ఎక్కడ రెండుగా చీలిందో కళ్లు మూసుకుని చెప్పవచ్చు. రక్తనాళం లోపలికి వెళ్లే చిన్న రంధ్రం కూడా పూడిపోకుండా ఉంది, అందులో సన్నని తీగ దూరుతుంది. తొడ ఎముకలన్నిటికీ నడిమధ్యలో కోసిన ముక్క ఒకటి విడిగా ఇవ్వడం అన్నిటికంటే నచ్చింది. గోడ ఎంత మందమో, లోపలి బోలు ఎంతో, ఎముక ఏ దిశలో ఎక్కువ బలపడిందో కోత ముఖం మీద నేరుగా కనిపిస్తాయి. ఈ ఒక్క ముక్క కోసమైనా సెట్ కొనవచ్చు.

లోపం కూడా చెప్పాలి. తొడ ఎముక తల మీదుగా అచ్చు అతుకు గీత పోతుంది. వెర్నియర్ కాలిపర్స్ దవడలు ఆ గీత మీద పడితే వ్యాసం అర మిల్లీమీటరు దాకా ఎక్కువ చూపిస్తుంది. గీతకు అడ్డంగా తిప్పి కొలిస్తే సరిపోతుంది కానీ, ఆ హెచ్చరిక పుస్తకంలో ఎక్కడా లేదు. పెద్ద ఎముకలో అర మిల్లీమీటరు ఎవరూ పట్టించుకోరు. ఈ ఎముకల్లో అలా వదిలేయడానికి వీల్లేదు, ఎందుకో కింద లెక్కలు చూస్తే తెలుస్తుంది.

ఏటా తొడ ఎముక అచ్చు పొడవు 38 సెంటీమీటర్లు. ఆ మనిషి ఎత్తెంత? ట్రాటర్, గ్లెసర్ 1952లో ఇచ్చిన సూత్రాలు ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తున్నాయి. అవి రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన అమెరికన్ సైనికుల ఎముకల నుంచీ, అమెరికాలోనే సేకరించిన అస్థిపంజరాల నుంచీ వచ్చాయి. వాటిలో శ్వేతజాతి మగవారి సూత్రం ప్రకారం పొడవును 2.38తో హెచ్చించి 61.41 కలిపితే దాదాపు 152 సెంటీమీటర్లు వస్తుంది. తొడ ఎముక పొడవు మనిషి ఎత్తులో సగటున 26.74 శాతం ఉంటుందని ఫెల్డెస్మన్ బృందం 1990లో చూపించింది. ఆ దారిన లెక్కేస్తే 142. ఎముక ఒకటే, ఎత్తులో తేడా 10 సెంటీమీటర్లు. కారణం ఆ 61.41. ఎముక ఎంత చిన్నదైనా ఆ అంకె తగ్గదు. పొడుగు మనుషుల మీద సరిపోయిన సూత్రం చిన్న మనిషిని సాగదీస్తుంది.

బరువు సంగతీ అంతే. తొడ ఎముక తల వ్యాసం 36 మిల్లీమీటర్లనుకుందాం. చిన్న శరీరాలకు అనువుగా మెక్‌హెన్రీ 1992లో ఇచ్చిన సూత్రం 40.7 కిలోలు అంటుంది. పెద్ద శరీరాల సగటుల నుంచి గ్రైన్ బృందం 1995లో కట్టిన సూత్రం 45.1 కిలోలు అంటుంది. నాలుగున్నర కిలోలు నలభై కిలోల మనిషిలో పదో వంతు కంటే ఎక్కువ. విద్యార్థులు ఈ లెక్క తమ చేతులతో చేసినప్పుడు, సూత్రం వెనక ఎవరి శరీరాలున్నాయని అడగడం మొదలుపెడతారు. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రాని ప్రశ్న అది. అందుకే ఈ అచ్చుల మీద నాకు ఇంత అభిమానం.

ఇక ఈ పెట్టె ఇచ్చే అసలు పాఠం. అండమాన్ తొడ ఎముక, కేప్ తొడ ఎముక పక్కపక్కన పెడితే పొడవులో పెద్ద తేడా కనిపించదు. కోత ముక్కలు తీసి చూడండి. కేప్ స్త్రీ తొడ ఎముక ముందు వెనకలుగా దిట్టంగా ఉంటుంది, మోకాలి కింది ఎముక కూడా అలాగే. అండమాన్ మనిషిలో బలమంతా పైభాగంలో ఉంది: జత్రుక చిన్నదైనా బొద్దుగా, భుజాస్థి గట్టిగా ఉంటాయి. ఇది ఈ ఇద్దరికే పరిమితమైన విశేషం కాదు. జే స్టాక్, సూసన్ ఫైఫర్ 2001లో ఈ రెండు జనసమూహాల ఎముకలను పోల్చి ఇదే చెప్పారు. కేప్ వారు నేల మీద దూరాలు నడిచారు, ఎగుడుదిగుడు దారుల్లో తిరిగారు. అండమాన్ వారు చిన్న దీవుల మధ్య తెడ్డు వేసి పడవలు నడిపారు, నీళ్లలో ఈదారు, చేపలు పట్టారు. శరీరం ఎంత ఎదగాలన్నది ఒక కథ, ఆ శరీరంతో రోజూ ఏం చేశారన్నది ఇంకో కథ. రెండూ ఒకే ఎముక మీద పక్కపక్కన కనిపిస్తాయి. కోత ముఖం చూపిస్తూ ఈ మాట చెప్పినప్పుడు గదిలో అందరూ బల్ల చుట్టూ మూగుతారు.

కటి అచ్చు కూడా మంచిదే. త్రికాస్థిని (వెన్నెముక అడుగున ఉండే త్రికోణపు ఎముకను) అయస్కాంతాలతో అమర్చారు, విడదీసి మళ్లీ కలపవచ్చు. చిన్న శరీరం కాబట్టి ప్రసవ మార్గం కూడా అదే నిష్పత్తిలో ఇరుకుగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఈ కటిని కొలిచి చూస్తే అలా లేదు. దక్షిణాఫ్రికా ఆహార సేకరణ జనాల కటులను హెలెన్ కుర్కి పరిశీలించి, శరీరం తగ్గినా ప్రసవానికి కావలసిన కొలతలు అదే మేర తగ్గలేదని 2007లో రాశారు. చిన్న మనిషి అంటే పెద్ద మనిషిని అన్ని వైపులా సమానంగా కుదించిన రూపం కాదు. బిడ్డ బయటికి రావలసిన దారి దగ్గర ప్రకృతి రాజీ పడలేదు. ఇంత విలువైన అచ్చు ఇచ్చి, పుస్తకంలో దీనికి కేటాయించింది రెండే వాక్యాలు.

ఇప్పుడు ఆ పుస్తకం గురించి. కొలతలు తీసే పద్ధతి చెప్పే మొదటి భాగం పనికొస్తుంది, బొమ్మలు స్పష్టంగా ఉన్నాయి. రెండో భాగం, వంశ సంబంధాల భాగం, మాత్రం విద్యార్థుల చేతికి ఇవ్వకూడదు. ఆఫ్రికా అడవుల వారు, అండమాన్ వారు, ఫిలిప్పీన్స్ ఏటాలు ఒకే ప్రాచీన పొట్టి జాతి శాఖలని అది చెబుతుంది. ఒకప్పుడు వ్యాపించి ఉన్న ఆ జాతి తర్వాత చెల్లాచెదురై మారుమూలల్లో మిగిలిందట. పందొమ్మిదో శతాబ్దంలో ఇలా అనుకున్నవారున్నారు. అప్పటివారి చేతిలో కపాలాలు, చర్మం రంగు, జుట్టు, ఎత్తు మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు అలా రాయడానికి ఏ సాకూ లేదు.

అండమాన్ సంగతి తీసుకోండి. తంగరాజ్, లాల్జీ సింగ్ ఉన్న బృందం 2005లో అక్కడి తెగలైన ఓంగేల, గ్రేట్ అండమానీల మైటోకాండ్రియా డీఎన్ఏను (తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏను) పరిశీలించి, ఆ దీవుల్లో ఎం31, ఎం32 అనే చాలా పాత శాఖలున్నాయని ప్రకటించింది. ఆఫ్రికా దాటి వచ్చిన మనుషుల వంశవృక్షంలోనివే అవి. జన్యుపరంగా అండమాన్ మనిషి ఆసియా జనాలకు దగ్గర, మధ్య ఆఫ్రికా అడవి మనిషికి చాలా దూరం. అదే ఆఫ్రికాలో, నాటల్ తీరాన బల్లిటో బే దగ్గర దాదాపు 2,000 ఏళ్ల కిందట బతికిన ఒక బాలుడి జన్యుక్రమాన్ని 2017లో చదివారు. అతని పూర్వీకుల శాఖ తక్కిన మానవుల నుంచి 3,50,000 నుంచి 2,60,000 ఏళ్ల కిందట వేరుపడి ఉంటుందని అంచనా వేశారు. కేప్ స్త్రీకి దగ్గరివారైన, దక్షిణ ఆఫ్రికా ఆదివాసులైన సాన్ ప్రజలది ఆ శాఖే. పెట్టెలో అండమాన్ అచ్చు, కేప్ అచ్చు పక్కపక్క అరల్లో ఉన్నాయి కానీ, వాటి మధ్య ఉన్న దూరం మన జాతి చరిత్రలోనే అతి పొడవైన దూరాల్లో ఒకటి.

ఏటాల కథ ఇంకో దారి. ఫిలిప్పీన్స్‌లోని ఏటా మగ్బుకోన్ ప్రజల్లో, ఇప్పటివరకు చూసిన జనాలందరిలోకీ ఎక్కువగా డెనిసోవన్ (అంతరించిన ఒక ప్రాచీన మానవజాతి) వారసత్వం ఉందని 2021లో తేలింది. అండమాన్ ఓంగేలలో 2011 నాటి పరిశీలనలో అలాంటి జాడ కనబడలేదు. పాత పుస్తకాలు ఒకే గాటన కట్టిన ఇద్దరిలో ఒకరి పూర్వీకులు డెనిసోవన్లను కలిశారు, ఇంకొకరి పూర్వీకుల్లో ఆ కలయిక గుర్తు లేదు. ఇక ఒకే జాతి అన్న మాటకు చోటెక్కడ?

మధ్య ఆఫ్రికాలో కూడా అందరూ ఒక్కటి కాదు. పశ్చిమాన బకాలు, తూర్పున ఎఫేలు ఉన్నారు. వారి ఉమ్మడి పూర్వీకులు పొరుగు వ్యవసాయదారుల పూర్వీకుల నుంచి దాదాపు 60,000 ఏళ్ల కిందట విడిపోయి, తర్వాత దాదాపు 20,000 ఏళ్ల కిందట తూర్పు, పడమరలుగా చీలారని జన్యు అంచనాలున్నాయి. వీరి ఎదుగుదల గురించి 2015లో వచ్చిన ఒక పరిశోధన నన్ను ఎంతగానో కదిలించింది. బకా శిశువు పుట్టినప్పుడు మామూలు పరిమాణంలోనే ఉంటుంది, మొదటి రెండేళ్లలో ఎదుగుదల మందగిస్తుంది. తూర్పున ఎఫేలలో శిశువు పుట్టుకతోనే చిన్నగా ఉంటుంది. పెద్దయ్యాక ఇద్దరి ఎముకా ఒకే పొడవు చూపించవచ్చు, కానీ అక్కడికి చేరిన దారులు వేరు. పెద్దవారి ఎముక ఒక్కటే చూస్తే ఈ తేడా ఎప్పటికీ దొరకదు. సెట్‌లో పిల్లల ఎముక అచ్చు ఒక్కటైనా ఉంటే ఈ పాఠం ఎంత బలపడేదో!

చిన్న శరీరం ఎందుకు వచ్చిందన్న దానికి పుస్తకం ఒకే కారణం చెబుతుంది: దట్టమైన అడవి, చాలని తిండి. ఇది కొంత నిజం కావచ్చు, మొత్తం నిజం కాదు. వేడి, తేమ ఉన్న చోట చిన్న శరీరం వేడిని తేలిగ్గా అదుపు చేసుకుంటుంది. మరణాల రేటు ఎక్కువగా ఉన్న చోట త్వరగా ఎదుగుదల ఆపి త్వరగా పిల్లల్ని కనడం లాభమని మిలియానో బృందం 2007లో వాదించింది. అండమానీయుల్లో ఎత్తుకు సంబంధించిన జన్యువుల మీద సహజ ఎంపిక ప్రభావం ఉందని 2016లో చూపించారు. లియాంగ్ బువా గుహకు దగ్గరలోని రాంపసాసా గ్రామ ప్రజల జన్యువులు 2018లో బయటికొచ్చాయి. వారు పొట్టివారే, పక్కనే హోమో ఫ్లోరెసియెన్సిస్ గుహ. అయినా ఆ జాతి వారసత్వం వారిలో కనబడలేదు, పొట్టితనం విడిగా వచ్చింది. ఒకే దీవిలో మానవజాతి కుదురు నుంచి రెండుసార్లు చిన్న శరీరం పుట్టిందన్న మాట. ఫ్లోరెసియెన్సిస్ కపాలాన్ని పెట్టెలో చేర్చినవారు, పుస్తకంలో ఈ సంగతి చెప్పకపోవడం నాకు అర్థం కాలేదు. చెప్పకపోతే, ఒక మీటరు ఎత్తు మాత్రమే ఉన్న వేరే జాతి కపాలాన్ని ఇప్పటి మనుషుల కపాలాల వరసలో పెట్టినట్టవుతుంది. అది వారికి అవమానం. నేను ఆ అచ్చును వేరే అలమరలో ఉంచాను, వేరే పాఠంలోనే తీస్తాను.

కపాలాలను చూసి వంశం చెప్పే అభ్యాసం ఒకటి పుస్తకం చివర ఉంది. కొలతలు తీసి, మానవశాస్త్రవేత్త హోవెల్స్ సేకరించిన కొలతలతో పోల్చమంటుంది. హోవెల్స్ 28 జనసమూహాలకు చెందిన 2,524 కపాలాలను ఒక్కడే కొలిచాడు, ఆ పట్టిక అందరికీ ఉచితంగా దొరుకుతుంది, దాన్ని నేను ఎంతో గౌరవంతో వాడతాను. ఆ 28లో అండమాన్ ఉంది, సాన్ ఉంది. ఏటాలు లేరు, మధ్య ఆఫ్రికా అడవి జనాలు లేరు. లేని సమూహానికి చెందిన కపాలం ఇస్తే, లెక్క దానికి దగ్గరగా కనిపించిన ఏదో ఒక పేరు తగిలిస్తుంది. తెలియదు అని చెప్పదు. పైగా పరిమాణాన్ని తీసేయకపోతే చిన్న కపాలాలన్నీ ఒకచోట గుమిగూడతాయి, పాత ఒకే జాతి కథ నిజమన్న భ్రమ కలుగుతుంది. ప్రతి కొలతనూ ఆ కపాలపు కొలతలన్నిటి గుణోత్తర సగటుతో (జియోమెట్రిక్ మీన్‌తో) భాగించి, ఆకారాన్ని మాత్రమే మిగిల్చి పోల్చాలి. పుస్తకంలో ఈ మెట్టు లేదు. ఈ సెట్ వాడే అధ్యాపకులు దయచేసి దీన్ని చేర్చుకోండి. రెండు రకాలుగానూ చేయించి, రెండు చిత్రాలనూ గోడ మీద పక్కపక్కన పెట్టండి.

నన్ను అన్నిటికంటే బాధించిన విషయం ఇంకొకటి ఉంది. ఈ ఎముకలు ఎవరివో, ఎక్కడి నుంచి వచ్చాయో పెట్టె మీద గానీ పుస్తకంలో గానీ ఒక్క ముక్క లేదు. అండమాన్ ఎముకలు యూరప్ మ్యూజియంలకు ఎలా చేరాయో తెలియని సంగతి కాదు. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ వారు శిక్షా స్థావరం పెట్టారు, 1879 నాటికి లండన్‌లో విలియం ఫ్లవర్ అండమాన్ అస్థిపంజరాలను కొలిచి వ్యాసం చదివాడు. ఆ మధ్య కాలంలో, ఆ తర్వాతా గ్రేట్ అండమానీలు వ్యాధులతో కుప్పకూలారు. 1961 జనాభా లెక్కల్లో వారు 19 మంది. 1871 నుంచి 1986 దాకా అండమాన్ ప్రజల ఎత్తుల కొలతలను స్టాక్, మిలియానో 2009లో ఒకచోట పెట్టి చూశారు. వలస పాలకుల రాకతో మరణాలు పెరిగిన కాలంలోనే ఎత్తు తగ్గిందని గమనించారు. అంటే మ్యూజియం అరలోని ఎముక చిన్నగా ఉండటంలో వేల ఏళ్ల పరిణామమే కాదు, కొన్ని దశాబ్దాల విపత్తు కూడా కలిసి ఉండవచ్చు. ఏ సంవత్సరంలో సేకరించారో తెలియకుండా ఆ రెంటినీ ఎలా విడదీస్తాం? మూలం చెప్పమనడం మర్యాద కోసమే కాదు, అది లేకపోతే శాస్త్రం కూడా సగమే.

ఆ ప్రజలు ఇప్పటికీ ఉన్నారు. జారవాల, సెంటినెలీల జోలికి పోకుండా 1956 నాటి రక్షణ నిబంధన ఉంది. ఏటాలు, బకాలు, సాన్‌లు తమ పూర్వీకుల అవశేషాల గురించి మాట్లాడగలరు. అచ్చు వేయడానికి ఎవరినైనా అడిగారా అని తయారీదారులకు రాశాను. ఎముకలను డిజిటల్ స్కాన్ ద్వారా తీసుకున్నామని మాత్రమే జవాబొచ్చింది. నేనడిగింది యంత్రం గురించి కాదు. ఇది కొనే ప్రతి సంస్థా అదే ప్రశ్న అడిగితే, వచ్చే ముద్రణలో ఒక పేజీ అయినా రాయక తప్పదు.

కొనాలా వద్దా? ఎముకల శాస్త్రం, ఫోరెన్సిక్ శాస్త్రం బోధించే విభాగం అయితే కొనండి. పెద్ద శరీరాల అచ్చులు ముందే ఉన్నచోట ఇది నిజంగా ఉపయోగపడుతుంది, పక్కన పెట్టి పోల్చడంలోనే దీని విలువ. ఒక్క సెట్‌తో మానవ వైవిధ్యం మొత్తం చూపిద్దామనుకునే పాఠశాలకు ఇది తగదు, పిల్లలు తప్పు బొమ్మతో ఇంటికి వెళ్తారు. పుస్తకంలో కొలతల భాగాన్ని ఉంచుకుని వంశాల భాగాన్ని తీసేయండి. అచ్చులను ఎండ తగలని చోట ఉంచండి, కిటికీ పక్కన పెట్టిన నా ఏటా భుజాస్థి కొద్దిగా పసుపు తిరిగింది. తొడ ఎముక తలను మాత్రం కాలిపర్స్ దవడలు అతుకు గీత మీద పడకుండా, రెండు దిశల్లో కొలిచి సగటు తీసుకోండి.